కాలరు కింద సూది

“ఇంకేం విప్పమంటావయ్యా? చెప్పులు, బెల్టు, వాచీ, అన్నీ ఆ ట్రేలోనే ఏడుస్తున్నాయిగా!”

“అరవకండి పెద్దాయనా. మిషన్ మోగుతోంది, మళ్లీ రండి.”

దర్జీ జారిపోతున్న ప్యాంటు పట్టుకుని నాలుగోసారి వెనక్కి నడిచాడు. కుడుతూ కుడుతూ సూదిని కాలరు కింద గుచ్చుకోవడం నలభై ఏళ్ల అలవాటు; అది అక్కడుందన్న సంగతే ఆయనకు తెలియదు. చివరికి గార్డు వేలికి గుచ్చుకుంటే తెలిసింది. ఇక సూది సంగతి తేల్చడానికి పై ఆఫీసరు రావాలట. ఆఫీసరేమో టీకి వెళ్లాడట. గేటు మూసేస్తున్నామని మైకు మొత్తుకుంటోంది. రేపు పొద్దున్నే మేనల్లుడి పెళ్లి, పెళ్లికోటు ఈయన సంచిలో.

దర్జీ, లైనులో తన వెనకున్న నా చెయ్యి పట్టుకున్నాడు.

“బాబూ, నీదీ ఆ విమానమేగా! నేను రాకపోయినా కోటు చేరాలి, తీసుకెళ్లు. ఎడమ చేతికి ఒక గుండీ కుట్టాలి. మా అక్కతో మాత్రం కుట్టించకు, ఆవిడదీ నా అలవాటే.”