పలక మీద రాయని గంట

నవంబరు మొదటివారం, పొద్దున పదిన్నరకు ట్రక్కు దిగాను. ముందు కొండ, వెనక కొండ, మధ్యలో ఎనిమిది మంచాల ఆర్మీ ఆస్పత్రి. నేను నర్సింగ్ అసిస్టెంటును. నాచారంలో నా భార్య సుజాతకు అప్పుడు మూడో నెల. ఉత్తరం అందడానికి పదిహేను రోజులు పట్టేది. ఫ్యాక్టరీ సైరన్ల మధ్య పెరిగినవాణ్ణి, ఆ నిశ్శబ్దానికి ఏడుపొచ్చేది.

మాట్లాడటానికి ఉన్నది మా వైపువాడు, మేడిపల్లి హవల్దారొక్కడే. "ఫికర్ జెయ్యకు తమ్మీ, ఎండాకాలంల ఇంటికి పోతవు," అనేవాడు.

జనవరిలో కింది ఊరి పోర్టరు తన భార్యను మోయించుకొచ్చాడు. నిండు గర్భిణి. నొప్పులింకా రాలేదు గానీ బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ తప్పదు. మత్తు డాక్టరు మా కెప్టెనే. సర్జన్ కింది క్యాంపు నుంచి రావాలి. పొద్దున పదింటికి ఆమె మంచానికి పలక కట్టాం: "నోటికి ఏమీ ఇవ్వొద్దు." మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే ఆ నియమం. ఎప్పటినుంచో మాత్రం ఎవరూ రాయలేదు.

రేడియో పలికింది: "మంచు జారింది. సర్జన్ బండి ఆగింది. రేపు వస్తారు. ఓవర్."

మూడు డ్యూటీలు మారాయి. వచ్చిన ప్రతివాడూ పలక చదివి తలూపాడు. మర్నాడు ఎనిమిదింటికి నా వంతు. నేను చాయ్ తాగుతుంటే ఆమె నా గ్లాసు వైపు చెయ్యి చాపింది. ఆమె భాష నాకు రాదు. ఆకలికి భాషెందుకు? పలక చూపించాను. ఆమెకు చదువు రాదు. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆర్డరంటే ఆర్డరే అనుకున్నాను, నా మొహం మండ!

పదకొండుకు సర్జన్ దిగారు. పన్నెండింటికి నడుముకు మత్తుసూది. కాసేపటికి ఆమె పలకడం మానేసింది. ఒళ్ళంతా చల్లటి చెమట.

"మత్తెక్కింది గావచ్చు," అన్నాడు హవల్దారు.

మత్తుసూదికి పడిపోవలసింది బీపీ, అది బాగానే ఉంది. ఎక్కుతున్న సెలైన్లో చక్కెర లేదు. నుదురు తుడుస్తున్న నా చెయ్యి ఆగిపోయింది.

"సార్, ఈమె నిన్నటినుంచి ఏమీ తినలేదు."

"ఎన్ని గంటలు?"

"ఇరవై ఆరు."

కెప్టెన్ ఆమె వేలు గుచ్చి పరీక్ష పట్టీ మీద రక్తం వేశారు. చక్కెర ఉంటే మారాల్సిన రంగు మారలేదు. "గ్లూకోజ్! పరుగెత్తు!"

నరంలోకి గ్లూకోజ్ పోయాక ఆమె కళ్ళు తెరిచింది. తర్వాత బిడ్డ ఏడ్చింది. "కడుపుతో ఉన్నవాళ్ళు పస్తుంటే చక్కెర తొందరగా పడిపోతుంది," అన్నారు కెప్టెన్. "మనం మత్తనుకుంటాం." అందరూ నా భుజం తట్టారు. చాయ్ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

మేలో ఇల్లు చేరాను. ఒక ఆదివారం ఉప్పల్ నర్సింగ్‌హోంలో సుజాతకు ఆపరేషన్. అప్పటికే పదిన్నర, ఇంకా పిలవలేదు.

"రాత్రి ఏం తిన్నవ్?" అడిగాను.

"నిన్న శనివారం గదా, ఒక్కపొద్దుంటి. మాపటికి గిన్ని అటుకులు తిన్న, గంతే."

"గా ముచ్చట డాక్టరమ్మకు జెప్పినవా?"

"అడిగితే గదా జెప్పేది!"

నేనే ఉరుక్కుంటూ పోయి చెప్పాను. డాక్టరమ్మ వెంటనే చక్కెర చూసి గ్లూకోజ్ ఎక్కించింది. ఆ మధ్యాహ్నం బిడ్డ పుట్టింది. సుజాత నవ్వింది, నేను బయటికొచ్చి ఏడ్చాను.

ఇప్పటికీ పొద్దున చాయ్ గ్లాసు ఎత్తితే ఆ చెయ్యి ముందుకొస్తుంది. ఇస్తాననేలోపే వెనక్కి పోతుంది.