ఉమ్సునాయ్ అత్త మంచుకొండల ప్రయాణం

మా మేనత్త ఉమ్సునాయ్ ఓష్ పట్నం బజారులో రొట్టెలు కాలుస్తుంది. ఆలై లోయ అవతలి మంచుకొండల్ని ఒక్కసారైనా చూడాలని ఆవిడకి ఎప్పటి నుంచో కోరిక. అల్లుడు ఎసెన్‌కి కారుంది. ఎప్పుడడిగినా "వచ్చే ఆదివారం, అత్తయ్యా" అంటాడు. పోయిన వేసవిలో ఆవిడకి విసుగొచ్చి, నన్ను వెంటబెట్టుకుని ఆ లోయలోని సారీ-మొగోల్ అనే ఊరికి వెళ్లే వ్యానెక్కేసింది.

ఎక్కీ ఎక్కగానే కిటికీ పక్కనున్న పెద్దమనిషిని లేపేసింది.

"మోకాళ్ల నొప్పులా, అక్కా?" అన్నాడతను జాలిగా.

"మోకాళ్లు బాగానే ఉన్నాయి. నువ్వు రోజూ చూసేదేగా, ఇవాళ నన్ను చూడనీ!"

వ్యాను కనుమ మీదికి మూలుగుతూ ఎక్కింది. దిగి ఊరు చేరేసరికి దక్షిణాన అంతా మబ్బే. ఒక్క కొండ కనపడితే ఒట్టు.

"కొండలు సెలవు పెట్టాయి, పెద్దమ్మా," అని నవ్వాడు డ్రైవరు జూమాబెక్.

"పెట్టనీ. నేనూ సెలవు పెట్టే వచ్చాను."

ఆ పూటకి జూమాబెక్ ఇంట్లోనే దిగాం. అత్త వెళ్లీ వెళ్లగానే అతని భార్యకి పిండి పిసకడం నేర్పబోయింది.

"ఇది ఓష్ కాదు పెద్దమ్మా, ఈ చలికి పిండి అలా పొంగదు. జరుగు!" అని ఆ పిల్ల కసిరేసింది. ఆ రొట్టె నోట్లో పెట్టుకున్నాక అత్త ఇంకోటి అడిగి పెట్టించుకుంది.

మర్నాడు పొద్దున మేం తిరుగు వ్యానెక్కి కూర్చున్నాక మబ్బు విడిపోయింది. ముందు ఒక తెల్లని భుజం, దాని వెనక ఇంకోటి, ఆపైన ఎండలో మెరిసే శిఖరం. తూర్పు నుంచి పడమర దాకా తెంపు లేని మంచుగోడ. దాని మధ్యలోంచి హిమానీనదం మెల్లగా వొంపు తిరిగి కిందికి దిగుతోంది. పగుళ్లలో నీలం రంగు.

అత్త వ్యాను దిగిపోయింది. "అమ్మ బాబోయ్! ఇంత మంచు ఇక్కడ పెట్టుకుని నన్ను తందూరు ముందు మాడ్చారా!"

"ఎక్కు తల్లీ, ఆలస్యమవుతోంది," అని లోపల్నించి గొణుగుళ్లు మొదలయ్యాయి. నిన్న ఆవిడ లేపేసిన పెద్దమనిషి బంగాళాదుంపల బస్తాతో మళ్లీ ఓష్ బయల్దేరాడు; అతను మాత్రం తనూ దిగి పక్కన నిలబడ్డాడు.

"ఆ నీలం పగులు చూశావా, అక్కా? మా బంగాళాదుంపలకి నీళ్లు అక్కణ్ణించే వస్తాయి."

"అంత దూరం నుంచా!" అంది అత్త. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ పగులు కేసే చూస్తూ నిలబడింది.

జూమాబెక్ హారన్ కొట్టాడు. అత్త తన సంచీ దింపుకుని, నాది నా ఒళ్లో పడేసి తలుపు మూసింది.

"నువ్వు పోవే. నేను రేపటి వ్యానుకొస్తా."

వెనక అద్దంలోంచి చూశాను. అత్త జూమాబెక్ ఇంటి ముందు మట్టిగోడ మీద ఎక్కి కూర్చుని ఉంది. జూమాబెక్ భార్య ఆవిడ చేతికి టీ గిన్నె అందిస్తోంది.