అరచెయ్యి చూపిస్తే ఆగే ఏనుగు

మావాడికి ఏడాదిన్నర. బరువు సరిగ్గా పెరగడం లేదని డాక్టరు అన్నప్పటి నుంచి, పొద్దున చూసిన బుగ్గలు సాయంత్రానికి తగ్గినట్టే కనిపించేవి నాకు. వాడేమో ల్యాప్‌టాప్‌లో ఏనుగు బొమ్మల వీడియో నడిస్తే తప్ప నోరు తెరవడు. ఒక చేతిలో పప్పన్నం, ఇంకో చేత్తో వాణ్ణి పట్టుకోవాలి. కీబోర్డు నిండా నెయ్యి మరకలు. అవి చూడలేక, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో కంప్యూటర్లతోనే బతికే మా ఆయన అందులో ఏదో ప్రోగ్రామ్ వేశారు. కెమెరాకు అరచెయ్యి చూపిస్తే వీడియో ఆగుతుంది. మళ్లీ చూపిస్తే నడుస్తుంది. దేన్నీ ముట్టుకోనక్కర్లేదు.

నాకు అందులో ఇంకో లాభం కనిపించింది. వాడు ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటే పప్పు చెయ్యి ఎత్తుతాను. ఏనుగు ఒక కాలు గాల్లో పెట్టి నిలబడిపోతుంది. వాడు గుటుక్కున మింగుతాడు. మళ్లీ ఎత్తుతాను. ఏనుగు కాలు దించుతుంది. కె.ఆర్.పురం వంతెన కింద ట్రాఫిక్ పోలీసులా తయారయ్యాను గానీ, గిన్నె ఖాళీ అవుతోంది.

అంతలో మా అత్తమ్మ కదిరి నుంచి వచ్చారు. మా ఇళ్లలో ప్రార్థన చెయ్యందే ముద్ద ఎత్తకూడదు. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే, మావాడి కోసం ఏనుగు నడుస్తున్న ల్యాప్‌టాప్ ముందే అందరం భోజనానికి కూర్చున్నాం. అత్తమ్మ కళ్లు మూసుకుని, అరచెయ్యి ముందుకు చాపి "ప్రభువా" అన్నారో లేదో, ఏనుగు ఆగిపోయింది. ఆమె ఒక కన్ను తెరిచి చూశారు.

"చూసినావామ్మా, ప్రార్థనంటే ఆ పెట్టెకు గూడా భయం ఉండాది. నీ మొగునికే లేదు."

మా ఆయన అప్పటికే అప్పడం కొరుకుతున్నారు. నేను అసలు సంగతి చెప్పబోతే కాలు తొక్కారు.

రోజూ నాయనమ్మను చూసి చూసి, ఒక మధ్యాహ్నం మావాడూ చెయ్యెత్తాడు.

"నా బంగారు తండ్రి! ప్రార్థన చేస్తా ఉండాడు!" అత్తమ్మ కళ్లు ఒత్తుకున్నారు.

అది ప్రార్థన కాదు. నేను ఆపిన ఏనుగును వాడు నడిపించుకున్నాడు. ముద్ద ఇంకా బుగ్గలోనే ఉంది. నేను ఆపాను. వాడు నడిపించాడు. నేను ఆపాను. కాలు ఎత్తాలో దించాలో తెలియక ఏనుగు వణికిపోయింది. చివరికి ముద్ద నా ఒళ్లోకి ఉమ్మేశాడు. నాకు ఏడుపొచ్చింది. అత్తమ్మకు మొత్తం చెప్పేశాను.

"అంటే అది నా ప్రార్థనకు ఆగలేదా?"

"మీ చేతికి ఆగింది, అత్తమ్మా."

"అట్లయితే మూసెయ్ దాన్ని."

మూశాను. ఇక వీడు తినడనే అనుకున్నాను. ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్తే, వాడు మూసిన ల్యాప్‌టాప్‌ను చూసి, నన్ను చూసి, అరచెయ్యి నా మొహానికి చూపించాడు.

మామూలుగా అయితే "ఒక్క ముద్ద, ఇదొక్కటే" అని బతిమాలేదాన్ని. ఎందుకో ఆ రోజు, ఏనుగు కాలు ఆగినట్టే నా చెయ్యి గాల్లో ఆగిపోయింది.

వాడు కిలకిలా నవ్వాడు. మళ్లీ చెయ్యి చూపించాడు. ముద్ద కదిలింది. నోరు తెరిచాడు, మింగాడు. మళ్లీ ఆపాడు. మళ్లీ నడిపించాడు. సగం గిన్నె అయ్యాక ఒకసారి ఆపి, ఇక నడిపించలేదు. చెయ్యి నొప్పి పుడుతున్నా ముద్దను అలాగే గాల్లో పట్టుకుని కూర్చున్నాను.

"చాలంటా ఉండాడు గదమ్మా, దించు" అన్నారు అత్తమ్మ.

దించాను. మిగిలిన ముద్దలు నేనే తిన్నాను.

సాయంత్రం మా ఆయన వస్తూనే ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తోందని అడిగారు.

"బ్రహ్మాండంగా ఉండాది నాయనా," అన్నారు అత్తమ్మ. "నీ కొడుకు దాన్ని పెట్టెలో నుంచి తీసి నీ పెండ్లానికి వేసినాడు."