బూడిద మీద కట్టిన ఇల్లు

మా ముందటి గది గోడల ఒక పగులుండేది. ఎండాకాలం వేలు దూరేంత తెరుచుకునేది, వానలు పడంగనే మూసుకునేది. మూసుకున్నప్పుడల్లా తగ్గిపోయిందనుకునేటోళ్లం.

మా ఆయన కంపెనీల రిటైరయి పైసలు చేతికొచ్చినంక ఇల్లు బాగు చేపియ్యాలె అనుకున్నం. మీద రెండు గదులు వెయ్యాలని నా కొడుకు ఆశ. మా ఊరు కర్దనూర్ల గది ఖాళీ ఉన్నదంటే చాలు, పొద్దుగూకేలోపల కంపెనీల పనికొచ్చిన పిల్లలు సంచులు పట్టుకొని కిరాయికి దిగుతరు. కోడలికి టైల్స్ కావాలె. నాకు వంటింట్ల కిటికీ కావాలె.

మేస్త్రి వచ్చి పగులు చూసి గోడ పక్కన తవ్విపిచ్చిండు. లోపల గట్టి మొరం మట్టి లేదు, బూడిద వచ్చింది. పునాది కుంగుతున్నదని, గోడల కింద కొంచెం కొంచెం తవ్వుకుంట బూడిద తీసి కాంక్రీటు నింపాలన్నడు. అది చేపిస్తే మీద గదులకు ఏం మిగలదు. చెయ్యకుంట మీద బరువేస్తే తన పూచీ లేదన్నడు.

ఆ బూడిద చూస్తే నాకు ఫికర్ కంటె ముందు నవ్వొచ్చింది. మేం ఇంటికి ముగ్గు పోసినప్పుడు ఫ్యాక్టరీ బాయిలర్ల బూడిద లారీలల్ల తెచ్చి ఊరి బయట పోసేటోళ్లు. మొరమైతే కొనాలె, మోస్తే మెడలు పడిపోతయి. బూడిద ఉత్తగనే దొరికేది, గంప నెత్తిన పెడితే దూది లెక్కుండేది. ఊళ్లె చానామంది పునాదులు గట్లనే నింపుకున్నరు. నేను, మా తోటికోడలు పొద్దంత మోసినం. తలకాయలు, కనురెప్పలు అన్నీ తెల్లగైనయి. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన నా ముంగటినుంచే పోయి, "మా ఇంటిది యాడ?" అని తోటికోడలిని అడిగిండు. ఆమె నన్ను చూపిచ్చి, "గీ ముసల్దే, తీస్కపో మరిదీ" అన్నది. ఆ మాట ఎన్నో ఏండ్లు మా ఇండ్లల్ల నడిచింది.

ఆ పగులువడ్డ గోడ మీదనే నా కొడుకు కాలేజీ చదివేటప్పుడు సుద్దముక్కతోటి నాకు అక్షరాలు నేర్పిండు. నేను రాసిన 'ఋ' చూసి జిలేబీ అనేటోడు. ఇప్పుడు ఆ కొడుకే, "అమ్మా, భూమిల పెట్టిన పైసలు మనకు కిరాయి ఇస్తయా? గోడ ఇన్నేండ్లు నిలవడ్డది కదా" అన్నడు. మా ఆయన, పట్టా నా పేరు మీదున్నదని, నన్నే చెప్పమని తప్పుకున్నడు.

కొన్ని రోజులు అదే ఆలోచన చేసిన. ఆ గది మీద ప్రేమతోటి, పావురంతోటి పైసలు మట్టిల కలుపుతున్ననా అని నన్ను నేనే అడుక్కున్న. ఆ పగులు పక్కకే మనవరాలి మంచం. పావురం సంగతి పక్కకు పెట్టినా, పిల్ల పండుకునేది ఆడనే. ఉన్నయే రెండు గదులు, ఇంకో తావు లేదు.

ఒకనాడు అందరు తింటుంటే కొడుకుతోటి చెప్పిన. "మీద గదులు నువ్వు సంపాయించి వేసుకో బిడ్డా. కిందిది మేం చేసిన పని, మేమే సాఫ్ చేస్తం."

వాడు పళ్లెంల చెయ్యి కడిగి లేచిపోయిండు. గోడల కింద పని నడిచినన్ని రోజులు నాతోటి సరిగ్గ మాట్లాడలే. కోడలు మాత్రం, "టైల్స్‌కేం తొందర అత్తమ్మా" అన్నది, మొకం చిన్నగ చేసుకొని.

పని అయిపోయింది. మీద గదులు లేవు, టైల్స్ లేవు, నా కిటికీ లేదు. పగులు పూడ్చి సున్నం వేసినం, అంతే. మొన్న మా ఆడబిడ్డ వచ్చి ఇల్లంత కలెతిరిగి చూసి, ఇంత ఖర్చు పెట్టిండ్రు, ఏం మారింది వదినా అని అడిగింది.

నేను నోరు తెరవకముందే నా కొడుకు లేచిండు. "కింద చేపిచ్చినం అత్తా" అని, మడిమతోటి నేలను గట్టిగ తొక్కి చూపిచ్చిండు.