హారతి పాటలో కళ్ళజోడు

మా ఇంటివాళ్ళలో కంప్యూటరు ముందు మొట్టమొదట కూర్చున్నది నేను. ఆ పాపానికి ఇప్పటికీ ఎవరింట్లో ఫోను మొరాయించినా, టీవీలో బొమ్మ రాకపోయినా అమలాపురంలో ఉన్న నాకే కబురొస్తుంది. నేను కాలేజీలో లెక్కలు చెబుతానని, రిపేర్లు చెయ్యనని ఎంత మొత్తుకున్నా వినరు. అంత చదువుకున్నదానివి నీకు తెలీదంటే ఎలా నమ్ముతామమ్మా అంటారు. పొగిడి పని చేయించుకోవడం మా కోనసీమ వాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు.

పిన్ని పాట బాధ్యత నా నెత్తిన పడింది కూడా అలాగే. పిన్నీ బాబాయిగారూ కొత్తపేటలో ఉండేవాళ్ళు. ప్రతి శుక్రవారం సాయంత్రం పిన్ని దీపం పెట్టి, కర్పూరం వెలిగించి, ఎప్పుడూ ఒకే మంగళహారతి పాడేది. అప్పట్లో నేను బొటనవేలంత పాటల ప్లేయరు ఒకటి కొత్తగా కొన్నాను. దాని గొప్ప చూపించుకుందామని ఒక శుక్రవారం ఆ పాట రికార్డు చేశాను.

మూడో చరణంలో పక్క గదిలోంచి బాబాయిగారు, "ఏమేవ్, నా కళ్ళజోడెక్కడ?" అని కేకేశారు. పిన్ని పాట ఆపి, "ఆయ్, బీరువా మీదుందండి" అని చెప్పి, ఆపిన చోటే అందుకుంది. హారతి పళ్ళెం తిప్పుతున్న చెయ్యి మాత్రం ఆగలేదు. పాటయ్యాక నా వైపు తిరిగి, "చూసేవా, వెతికినంతసేపూ ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. దొరికేక దొరికిందని ఒక్క ముక్క చెప్పరు. పెళ్ళయిన కాణ్ణించీ ఇదే వరస" అంది. 

పిన్ని పోయాక ఆ శుక్రవారం దీపం బాబాయిగారు పెట్టడం మొదలుపెట్టారు. పాట తన ఫోనులో పెట్టిమ్మని నన్నడిగారు. అదెంతసేపు అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, నా నోటికి అంత అదృష్టం లేదు.

ఆ ప్లేయరు మహా పతివ్రత. తన కంపెనీ సాఫ్ట్‌వేరు తప్ప మరొకటి చెయ్యి వేస్తే ఒప్పుకోదు. సరే కదా అని దాన్నే కంప్యూటర్లో ఎక్కించి పాటను బయటికి తీస్తే, ఫోనులోని సాఫ్ట్‌వేరు, అది పోటీ కంపెనీది లెండి, "ఈ ఫైలును గుర్తించలేకపోతున్నాం" అంది. మా పిన్నిని కొత్తపేటలో గుర్తుపట్టనివాళ్ళు లేరు, వీళ్ళకేం రోగమో. వీళ్ళిద్దరి మధ్యా రాజీ కుదర్చడానికి మూడో సాఫ్ట్‌వేరు తెచ్చాను. అది మొదటి అర నిమిషం ఉచితంగా మార్చి పెట్టి, మిగతాదానికి డబ్బు కట్టమంది. కర్పూరం సగం వెలగ్గానే పూజారి పళ్ళెం చాపినట్టు. కట్టాను. మొత్తానికి ఒక ఆదివారమంతా తగలేసి పాటను బాబాయిగారి ఫోనులో చేర్చాను. ఇంకో నకలు నా ఫోనులోనూ పెట్టుకున్నాను.

రెండేళ్ళు బాగానే సాగింది. మొన్న వానాకాలంలో బాబాయిగారు కొబ్బరితోటకి వెళ్తూ వంతెన మీద వంగి ఎవరినో పలకరించబోతే, చొక్కా జేబులోంచి ఫోను కాలవలో పడింది. కొత్త ఫోను కొనుక్కుని నన్ను రమ్మన్నారు. ఈసారి నాకు ధీమా. ఈలోగా నేను ఇంకో మ్యూజిక్ యాప్‌కి మారాను. నా పాటలన్నీ అదే మోసుకెళ్ళి ఎక్కడో ఆకాశంలో దాచింది. ఫోనులో చోటు లేదు, పాత నకళ్ళు తీసెయ్యమంటారా అని మర్యాదగా అడిగితే, అంతకన్నా మర్యాదగా సరేనన్నాను.

శుక్రవారం సాయంత్రం కొత్తపేట వెళ్ళి, బాబాయిగారి ఫోనులో ఆ యాప్ పెట్టి, పాట పేరు నొక్కాను. వీణ, వేణువు, మృదంగం. శుద్ధమైన గొంతుతో ఎవరో మహాగాయని అదే హారతి పాడుతోంది. బాబాయిగారు కర్పూరం వెలిగించి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. మూడో చరణం అయిపోయింది. నాలుగోదీ అయిపోయింది. ఆయన కళ్ళు తెరిచారు.

"పాట బావుందమ్మా," అన్నారు మెల్లిగా. "కానీ ఇందులో నేను కళ్ళజోడు అడగలేదు."

యాప్ అంతా గాలిస్తే ఒక మూల సన్నటి అక్షరాల్లో ఉంది విషయం: మీ పాట మా దగ్గర ముందే ఉంది, కనుక మీ నాసిరకం నకలు తీసేసి నాణ్యమైనది ఇచ్చాం, ఆనందించండి. ఎవరడిగారు వీళ్ళని? మా పిన్ని గొంతు నాసిరకమని తేల్చడానికి వీళ్ళెవరు? తిట్టడానికి అటువైపు మనిషి కూడా లేడు. బాబాయిగారు మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పర్లేదమ్మా, ఇదీ దేవుడి పాటే కదా అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

అప్పట్లో పాటను మార్చిన కంప్యూటరు ఎప్పుడో పాడై పాతసామాన్లవాడి బండెక్కింది. అమలాపురం వచ్చి ఇల్లంతా తిరగేస్తే, కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల మధ్య ఆ బొటనవేలంత ప్లేయరు దొరికింది. దాని తీగ ఇప్పుడెక్కడా అమ్మడం లేదు. గడియారస్తంభం దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన పాత తీగల కుప్పలోంచి ఒకటి లాగి ఇచ్చాడు. ప్లేయరుకి ప్రాణం వచ్చింది. దాని పాత సాఫ్ట్‌వేరు మాత్రం రానంది. ఆ కంపెనీయే లేదట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, ఇక్కడ పూజారి గుడికి తాళం వేసి తాళంచెవితో సహా ఊరొదిలి పోయాడు.

అయినా లోపల పాట ఉంది. ఇయర్‌ఫోన్లు పెడితే వినిపిస్తోంది. వచ్చే శుక్రవారం దాకా ఆగలేక మర్నాడే కొత్తపేట బస్సెక్కాను.

ఇంత చదువూ చదివి నేను చివరికి చేసిందిది: ఒక ఇయర్‌ఫోను బాబాయిగారి చెవిలో పెట్టాను, రెండోది నా ఫోను మైకుకి ఆనించి పట్టుకుని రికార్డింగ్ నొక్కాను. ఫ్యాను ఆపేశాను. చప్పుడు చెయ్యకూడదని, దగ్గకూడదని ఆయనకి క్లాసులో పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపారు.

రెండు చరణాలు కదలకుండా విన్నారు. మూడో చరణంలో తన కేక తనకే వినిపించినట్టుంది, ముక్కు మీదున్న కళ్ళజోడుని వేలితో తడుముకున్నారు. పిన్ని జవాబు చెప్పింది. బాబాయిగారు పైకే అన్నారు:

"దొరికిందే."

పాట పూర్తయింది. నేను రికార్డింగ్ ఆపాక, తప్పు చేసినవాడిలా నా ముఖంలోకి చూసి, "నోరు జారేనమ్మా. మళ్ళీ తియ్యాలేమో" అన్నారు.

"అక్కర్లేదండి బాబాయిగారూ," అన్నాను. "బాగానే వచ్చింది."