కొల్లేటి లంకలో చిక్కిపోయిన తల్లిపంది

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, కార్తీకమాసం. కొల్లేటి లంకలో మా అక్క పెంచుతున్న తల్లిపందిని బావ శనివారం కోతకు ఇచ్చేస్తున్నాడని కబురొచ్చింది. చిక్కి శల్యమైందట, ఇక ఈనదట. ఆ పంది పిల్లల మీదే అక్క సంసారం సగం నడుస్తోంది. మూడు ఈతలకే ముసలితనమేమిటి, నా మొహం! దాన్ని ఆపకుండా తిరిగి రానని అమ్మతో చెప్పి, శుక్రవారం తెల్లవారుజామున తాడేపల్లిగూడెంలో ప్యాసింజరెక్కాను.

ఎనిమిదింటికి ఏలూరులో దిగి, ఇడ్లీ తిని, బస్సులో కొల్లేటి గట్టుదాకా వెళ్ళి దోనె ఎక్కాను. వెళ్ళేవాళ్ళు గొడుగు మరవకండి, నీళ్ళ మీద ఎండ మాడ్చేస్తుంది. దోనె నడిపే పెద్దాయనకు వచ్చిన పని చెబితే, "ఎముకలు తేలిన పందిని ఎన్నాళ్ళు మేపుతారండీ?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

మధ్యాహ్నానికి లంక చేరాను. బావ దొడ్లోకి తీసుకెళ్ళాడు. పంది వీపు మీద అరచెయ్యి వేస్తే వెన్నుపూసలు ఒక్కొక్కటే తగిలాయి. పళ్ళు మాత్రం గట్టిగా ఉన్నాయి. బాగా ఎదిగిన పిల్లలు ఇంకా పాలు లాగుతున్నాయి.

"ఇది ముసలిది కాదండి బావా, పిల్లలు తాగేసిన ఒళ్ళు. ఇవాళే పాలు మాన్పించండి. తవుడూ గంజీ పెట్టండి. మరీ కొవ్వెక్కనివ్వకండి, అదీ చేటే. ఒళ్ళు పడితే మళ్ళీ ఎదకొస్తుంది. మా దొడ్లో ఏడో ఈత ఈనింది ఉందండి."

అమ్ముడుపోయేవి పిల్లలే కాబట్టి ఉన్న తవుడు వాటికే పెడుతున్నామని బావ వాదించాడు. తల్లి పోతే పైయేడు పిల్లలెక్కడివని నేను పట్టు విడవలేదు. చివరికి కోసేవాడికి రావద్దని కబురంపాడు.

గెలిచానన్న హుషారులో అన్నానికి కూర్చున్నాను. చంకలో చంటిదాన్ని పెట్టుకుని అక్క మాకూ పిల్లలకూ చేపముక్కలు వడ్డించింది. తనకు అడుగున పులుసే మిగిలింది. మంచినీళ్ళందిస్తుంటే చెయ్యి పట్టుకున్నాను. అంతా ఎముకే. వచ్చినప్పట్నించీ పంది, పంది అని అరిచానే గాని అక్క మొహం చూడలేదు. ఏడుపొచ్చింది.

అక్కను పుట్టింటికి తీసుకెళ్తాను, ఒళ్ళు పట్టేదాకా పంపను అన్నాను. పెద్దపిల్లల్ని తను చూసుకుంటానంది బావ వాళ్ళమ్మ.

"మరి పందికి ఎవరు పెడతారు?" అన్నాడు బావ.

"మీరు పెట్టండి," అంది అక్క, నాకంటే ముందు.

మర్నాడు సాయంత్రం ఏలూరు స్టేషన్లో, చంటిదాన్ని ఎత్తుకున్న అక్కకు గారెల పొట్లం కొనిచ్చాను. అలవాటు కొద్దీ సగం నాకు తీసి పెట్టబోయింది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. రైలు కదిలింది. కొల్లేరు ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేనేమీ చెప్పలేను. గూడెం చేరేలోగా మా అక్క పొట్లమంతా తినడం మాత్రం చూశాను.