రాజుగాడు ముట్టని బిస్కెట్లు

నేను చేసిన కుక్క బిస్కెట్టును మొదట తిన్నది కుక్క కాదన్న సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మిగిలిన జొన్నరొట్టె, కూరగాయల తొక్కలు వేస్తే రుబ్బి, ఎండబెట్టి బిస్కెట్లు చేసే యంత్రం నాది. మా కుక్క రాజుగాడు వాటిని వాసన చూసి లేచి వెళ్ళిపోయాడు. ఇక దాన్ని విప్పేసి, మోటారును అమ్మ మిక్సీకి తిరిగి బిగించేద్దామనుకున్నాను.

గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో, పక్కన కూర్చున్న పెద్దమ్మ అడగకుండానే నా దోసిట్లో ఉడకబెట్టిన పల్లికాయలు పోసింది. తర్వాత, పారెయ్యలేక వెంట తెచ్చుకుని నా ఒళ్ళో పెట్టుకున్న డబ్బా వైపు చూసింది.

"అండ్ల ఏమున్నయి బిడ్డా?"

"బిస్కెట్లు," అన్నాను. ఎవరి కోసమో మాత్రం చెప్పలేదు. ఆమె పెట్టిన పల్లీలు నములుతూ పెట్టనని ఎట్లా అంటాను? మూత తీశాను.

ఆమె కరకర నమిలింది. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను.

"జర ఉప్పు పడాలె," అని ఇంకొకటి తీసింది.

మోటారు ఇప్పటికీ నా యంత్రంలోనే ఉందంటే, వనపర్తిలో దిగుతూ ఆమె చెయ్యి చాపి అన్న మాట వల్లే.

"ఇంక రెండియ్యి బిడ్డా. మా కుక్క నేను తినేదే తింటది, వేరేది ఏమేసినా ముట్టదు."